బదనిక కాడకు కట్టిన కట్టు

నా చిన్నప్పుడు, మార్కాపురంలో మా ఇంటి వసారా దూలానికి ఒక కొయ్యముక్క వేలాడుతుండేది. దాన్ని పట్టుకుని ఒక బదనిక మొక్క పెరిగేది. మట్టి అక్కర్లేదు, కుండీ అక్కర్లేదు, వేళ్ళన్నీ గాలిలోనే. నల్లమల చెట్ల కొమ్మల మీద బతికే ఆ మొక్కను ఇంట్లో పెంచినవాళ్ళు మా వీధిలో మరొకరు లేరు. తెల్లదొరల కొలువులో అడవి గార్డుగా పనిచేసిన మామ దాన్ని తెచ్చి మా మేనత్తకు ఇచ్చాడట. ఆయన జ్వరంతో పోయాక అత్త ఒక ట్రంకుపెట్టె, ఈ మొక్క పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. అది ఏడాదికి ఒక్కసారి, ఎండాకాలం చివర పూసేది. ఆమె పూలు పెట్టుకునే రోజులు పోయాయి గాని, అది పూసినన్నాళ్ళూ వసారా వదిలేది కాదు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ యేడు మొదటి మొగ్గ విచ్చిందని తెలిసి, అత్త బావికి పోయిన సమయం చూసి పీట ఎక్కాను. వాసన చూద్దామని పూలకాడను ముక్కు దగ్గరకు లాక్కున్నాను. కాడ మొదలు దగ్గరే పుటుక్కుమంది. ఊడి రాలేదు, నార మీద వేలాడింది.

అయితే నాకు వైద్యం తెలుసు. అంతకు ముందే పలకల గనిలో నాయన చెయ్యి విరిగితే, కట్లు కట్టే ముసలాయన కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. ఆ చేత్తోనే నాయన మళ్ళీ అన్నం కలుపుకుంటున్నాడు. నేనూ అదే చేశాను. వెదురుబద్దకు బదులు బలపం పెట్టాను. నా పనితనానికి లోలోపల మురిసిపోయాను కూడా. అత్త కిందనుంచే చూసేది కాబట్టి ఆకుల చాటున కట్టు ఆమెకు కనబడలేదు. కాడ ఎండకూడదని రోజూ దొంగచాటుగా నీళ్ళు చిలకరించాను. మొగ్గలు వాడితే, ఎండ ఎక్కువైందనుకుంది అత్త.

వారం తిరిగేసరికి వసారాలో కుళ్ళు వాసన. అత్త కొయ్యను దించింది. కట్టు చూసింది. నన్ను చూసింది. వీపు మీద పడబోయే దెబ్బకు సిద్ధంగా నిలబడ్డాను. ఆమె లోపలికి పోయి, కత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే కొయ్యి పాపా."

కట్టు విప్పితే కాడ మొదలు నల్లగా మెత్తబడి ఉంది. ఆ నలుపు కాడతో ఆగలేదు, పక్కనున్న మూడు ఆకుల మొదళ్ళకూ పాకింది.

"విరిగిననాడే చెప్పింటే కాడతో పోయేది. ఇప్పుడు ఆకులు గూడా తియ్యాల. లేకుంటే మొక్కే ఉండదు," అంది అత్త. కోపంగా అని ఉంటే బాగుండేది. ముందు కాడ కోశాను, విచ్చని మొగ్గలతో సహా. తర్వాత ఒక్కో ఆకూ. నేను వెక్కివెక్కి ఏడుస్తున్నా ఆమె కత్తి అందుకోలేదు. కోసినచోటల్లా పసుపు అద్ది, నాలుగు రోజులు నీటిచుక్క తగలనివ్వలేదు.

మొక్క బతికింది. కానీ మరుసటేడు పూయలేదు, ఆపై యేడూ పూయలేదు. ఎండాకాలం చివర అత్త ఎప్పటిలాగే వసారాలో చాప పరుచుకుని కూర్చునేది, పైకి చూసేది, లేచి పనిలో పడేది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రెండు వేసవులూ నేను వసారాలో నిలబడలేకపోయాను.

ఇప్పుడు తొంభైకి దగ్గరపడ్డాను. నా చేతిలో ఏది పాడైనా ఆ పూటే పోయి చెప్పేస్తాను. చెప్పి తిట్లు తిన్నాను, ఒకసారి మంచి స్నేహమూ పోగొట్టుకున్నాను. మా పిల్లలు దాన్ని ధైర్యం అంటారు. ధైర్యం కాదు. నేను నోరు విప్పని ప్రతిరోజూ అవతలివాళ్ళకు ఇంకో ఆకు పోతుందని భయం.