పెరటి కింద పూడ్చిన నల్ల పొర

ఆ కాంట్రాక్టరు మీద నాకు ఈరోజుకీ కోపం తగ్గలేదు. తగ్గాలనీ లేదు. కానీ ఆ కోపంలో సగం నాకే చెందాలి. అది దాచిపెడితే ఇదంతా రాయడం ఎందుకు?

భిలాయిలో మాది స్టీలు ప్లాంటు క్వార్టరు. నాన్న పోయాక అమ్మా నేనూ ఉంటున్నాం. నేను బడిలో ఫిజిక్సు చెబుతాను. కారు కొన్నప్పుడు, అది నిలపడానికి వెనక పెరట్లో స్లాగు పోయించాను. ఇనుము తీసేశాక కొలిమిలో మిగిలే చిట్టెం అది, మా ఊళ్ళో దానికి కొదవ లేదు. అమ్మ గది నేలకు సమానంగా ఎత్తి, పైన సిమెంటు చేయించాను. దిగడానికి ఉన్న రెండు మెట్లూ పోయాయి. "నీ మోకాళ్ళకి మంచిదే కదమ్మా" అన్నాను. అమ్మ బట్టలారేసుకునే తాడు కూడా పోయింది. ఆ సంగతి నేను పట్టించుకోలేదు. అమ్మ తన గదిలోనే కిటికీ నుంచి ఎదుటి మేకు దాకా ఒక తాడు కట్టుకుంది.

రెండో వానాకాలానికి ఆ గదిలో పెరటి వైపు గోడ చెమ్మగిల్లింది. నేల దగ్గర మొదలై నడుమెత్తు దాకా సున్నం ఉబ్బింది, తెల్లటి పొడి రాలింది. ఆ గోడ పక్కనే అమ్మ మంచం. అమ్మకి దగ్గు పట్టుకుంది, మందులకి లొంగలేదు.

గోడ చూడమని పిలిస్తే కాంట్రాక్టరు వచ్చాడు. చేతిలో తడి కొలిచే ఒక యంత్రం, గోడకి ఆనిస్తే కీచుమంటుంది. కండెన్సేషన్, ఎఫ్లోరసెన్స్, మాయిశ్చర్ ఇన్‌గ్రెస్ అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఒక్కో మాటకీ నేను తలూపాను. అన్నీ అర్థమై కాదు. టీచరమ్మకి ఈమాత్రం తెలీదా అనుకుంటాడని. చివరికి తాడు మీద ఆరుతున్న అమ్మ చీర వైపు వేలు చూపించి, తడిబట్టల ఆవిరి గోడకి పట్టడమే కండెన్సేషన్ అనీ, అదే గోడని నాశనం చేస్తోందనీ హిందీలో తేల్చేశాడు.

అమ్మ మెల్లగా అంది, "పైనున్న సీర ఆవిరికి గోడ కిందనుంచి నానుతాదేటి?"

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. వాడి ముందే అన్నాను. వాడి ముందే తాడు విప్పేశాను.

వాడు గోడ లోపలి వైపు వాటర్‌ప్రూఫ్ రంగు పూసి వెళ్ళాడు. నెల తిరక్కుండా అది అప్పడంలా పొంగింది. అమ్మ దగ్గు ఇంకా ఎక్కువైంది.

అప్పుడు పక్కనే ఉన్న మరోదా నుంచి ఒక పెద్ద మేస్త్రీని పిలిచాను. నాన్న ఉన్నప్పుడు మా సెక్టార్ క్వార్టర్ల మరమ్మతులన్నీ ఆయనే చేసేవాడు. నేను కాంట్రాక్టరు రాసిచ్చిన కాగితం చదువుతుంటే విని నవ్వాడు.

"ఎఫ్లోరసెన్సంటే ఏట్నేదమ్మా, నీళ్ళతో పాటు పైకొచ్చిన ఉప్పు. ఆవిరి పట్టిన గోడైతే బూజు కడతాది గానీ ఇలా నేల కాడ్నించి ఉప్పు రాల్దు. పెరడెప్పుడెత్తించినారు?"

గోడ వారగా ఒకచోట సిమెంటు పగలగొట్టి తవ్వాడు. జానెడు లోతులో, గోడకి అడ్డంగా నల్లటి పొర కనిపించింది.

"ఇది డీపీసీ. పునాది మీద తారు పూసిన పొర. నేల తడి పైకెక్కకుండా ఆపీది ఇదే. మీరు దీని నెత్తి మీదికి స్లాగెత్తీసినారు. తడి దీన్ని దాటీసి పక్కనుంచి గోడలోకి దూరిపోతంది. గోడ దీపం వొత్తిలాగ పీల్చీసుకుంటాది."

ఒళ్ళంతా మండిపోయింది. ఏటా సిరాలో సుద్దముక్క నిలబెట్టి, రంగు పైకెక్కడం చూపించి, కేపిలరిటీ అంటే ఇదీ అని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేనే. మా ఇంటి గోడ దగ్గరికొచ్చేసరికి నా బుర్ర ఏమైంది? "కండెన్సేషన్ అయితే నేల దగ్గరే ఎందుకు మొదలైంది?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే వాడు నీళ్ళు నమిలేవాడు. ఆ ముక్క అమ్మ అడిగింది. నేనే నోరు నొక్కేశాను.

కాంట్రాక్టరుకి ఫోన్ చేసి గొంతు పోయేలా అరిచాను. "మేడమ్‌జీ, అన్నిటికీ మీరు సరే అన్నారు కదా" అన్నాడు చల్లగా. నిజమే. ఫోన్ పెట్టేశాను.

అమ్మకి చెబుదామని లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. కొంగు చేతికి తగిలింది. చెమ్మగా ఉంది.

"ఇదేంటమ్మా, ఆరని చీర కట్టుకున్నావా?"

"బాత్రూంలో తలుపు మీదేస్తన్నానే. ఈ ముసురుకి అక్కడేటారుతాది?"

తాడు తీసేసిన రోజు నుంచీ ఇంతే. అంత దగ్గుతో, నెల పైగా, సగం తడి చీరలే కట్టుకుంది. నాతో ఒక్క మాటనలేదు. నేనూ ఒక్కరోజు చూడలేదు.

మర్నాడే గోడ వారగా ఆ చివర నుంచి ఈ చివర దాకా సిమెంటు పగలగొట్టించాను. స్లాగంతా తోడించాను. నల్ల పొర బయటపడేదాకా మేస్త్రీ పక్కనే నిలబడ్డాను. అమ్మ వెనక గుమ్మంలోకి వచ్చి, నా మొహంకేసి చూస్తూ అడిగింది.

"ఇప్పుడు నా గదిలో తాడు కట్టుకోవచ్చేటే?"