పక్కన ఎవలు కూసుంటరు

శివ క్యాలెండరులో అయిపోయిన నెల కాగితం చించి, వెనక్కి తిప్పి, మధ్యలో నిలువుగా గీత గీశాడు. ఒకపక్క మంచి, ఒకపక్క చెడు. ఇరవై రెండు అంగుళాల పలచటి టీవీ. పేరున్న కంపెనీది కాదు. అందుకే వాళ్లకు అందే ధరలో ఉంది.

"గోడకు తగిలియ్యొచ్చు. కరెంటు తక్కువ. జాగ ఖాళీ," అంటూ మంచి కింద రాశాడు.

"ఆవాజు తక్కువుంటదంట గద?" అంది పక్కనే కూర్చున్న అతని భార్య స్వర్ణలత.

"రాస్తున్న ఆగు. సర్వీసు సెంటరు గూడ ఈడ లేదు, ఏడనో కూకట్‌పల్లి దిక్కున్నది."

వాళ్లిద్దరూ సోఫాలో ఉన్నారు. అది ఇద్దరు కూర్చునే సోఫా. ఇంట్లో ఉండేది ముగ్గురు. శివ తల్లి రాములమ్మ కింద, గడప పక్కన, చేటలో బియ్యం ఏరుతోంది. నాచారంలోని ఆ రెండు గదుల పోర్షన్‌లో ఆ చోటు ఆమెది.

శివ పోచారంలో కంప్యూటర్ కంపెనీల క్యాంపస్‌లో ఏసీ మిషన్లు చూసుకుంటాడు. అక్కడి తేజేష్ సారును అడిగి వచ్చాడు. సారు చెప్పిన చివరి మాట గుర్తు తెచ్చుకుని చెడు కింద రాశాడు. "వ్యూయింగ్ యాంగిల్ తక్కువ."

"అంటే ఏంది?"

"ఎదురుంగ కూసుంటె మంచిగ కనిపిస్తదంట. పక్కకెల్లి, కిందికెల్లి సూస్తె నల్లగైతదంట."

"మనింట్ల పక్కన ఎవలు కూసుంటరు?"

శివ తలెత్తి గది చూశాడు. గోడ చూశాడు, సోఫా చూశాడు. "అవు, ఎవలు కూసుంటరు," అని ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టాడు.

రాములమ్మకు బియ్యంలో ఒక రాయి దొరికింది. దాన్ని గడప అవతలికి విసిరింది.

శివ చెడ్డవాడు కాదు. సోఫాలోంచి చూస్తే ఆ ఇల్లు అలాగే కనిపిస్తుంది.

రాములమ్మ పదిహేడేళ్లు నాచారంలోని ఒక ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసింది. పాత టీవీలకు వెనుక ఉండే పెద్ద డొప్పలు అక్కడ అచ్చు పోసేవారు. అచ్చులోంచి వచ్చిన డొప్పకు అంచుల్లో పోగులు మిగిలేవి. ఆడవాళ్లు వరుసగా నేలమీద కూర్చుని, డొప్పను ఒళ్లో పెట్టుకుని, బ్లేడుతో ఆ పోగులు తీసేవాళ్లు. బొటనవేలు అంచు చుట్టూ ఎక్కడా ఆగకుండా తిరిగితే పని అయినట్టు. పలచటి టీవీలు వచ్చాక డొప్పలు అడిగేవాళ్లు లేకపోయారు. కంపెనీ మూతపడింది. అప్పటికి ఆమె మోకాళ్లు నేలకే అలవాటు పడిపోయాయి.

ఇంట్లోని పాత టీవీ ఆమె జీతంతో కొన్నదే. దాని డొప్ప ఆ కంపెనీలో పోసిందే. కురచ ఇనుప స్టాండు మీద ఉండేది. గడప పక్కనుంచి చూసినా, వంటగదిలోంచి చూసినా బొమ్మ ఒకేలా కనిపించేది.

ఆమె భర్త పోశయ్య ఆటో నడిపేవాడు. తెలంగాణ కోసం ఉప్పల్ రింగురోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు ఆటో పక్కకు పెట్టి, రోడ్డు మీద పొయ్యి రాజేసి, ఎవరెవరికో పులిహోర వడ్డించి వచ్చాడు. "పార్లమెంటుల చేతులు లేపుడు ఈ టీవీ డబ్బల్నే సూస్త, నువ్వు సూడు," అన్నాడు. మరుసటి ఏడు కామెర్లు వచ్చి పోయాడు. చూడవలసిన పని రాములమ్మ మీద పడింది.

"పాతది ఉండనియ్యరాదా బిడ్డా," అంది రాములమ్మ, శివ కాగితం మడిచాక.

"ఏడ వెడ్తవమ్మా? జాగ కోసమే గద గిదంత. రేపు తెలంగాణ వచ్చినప్పుడు కొత్తదాంట్ల మస్తు సూస్తవు. బాపు సూడకపాయె, నువ్వన్న సూడు."

దసరాకు కొత్త టీవీ గోడెక్కింది. పాతదాన్ని పాత సామాన్ల బండివాడు వీధిలోనే విప్పాడు. వాడికి లోపలి రాగి కావాలి. డొప్పను సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. ఒక ముక్క ఎగిరి గడప దగ్గర పడింది. రాములమ్మ దాన్ని తీసి, అంచు మీద బొటనవేలు నడిపింది. ఎక్కడా ఆగలేదు.

ఆ సాయంత్రం సోఫాలో ఇద్దరూ "అబ్బ" అన్నారు. కింద రాములమ్మకు బొగ్గులాంటి ముఖాలు కనిపించాయి. పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"మబ్బుగున్నదేందిరా?"

"మస్తున్నదమ్మా! నీ కండ్లే మబ్బుగైనయి."

గీత కొట్టిన మాట అతనికి గుర్తులేదు. ఆమెకు ఉంది. గుర్తొస్తుందేమోనని ఒక నిమిషం కొడుకు ముఖం చూసింది. అతను రిమోట్ చూస్తున్నాడు.

ఆదివారం బండి మీద కళ్ల పరీక్షల శిబిరానికి తీసుకెళ్లాడు. ఆమె ఎక్కి కూర్చుంది. చూపు బాగానే ఉందని చెప్పి, దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చారు. వాటిలోంచి గడప మీది చీమలు కాళ్లతో సహా కనిపించాయి. టీవీలో మనుషులు బొగ్గుగానే ఉండిపోయారు.

"ఇప్పుడు మంచిగున్నదా?" అని అడిగాడు శివ.

"మంచిగున్నది."

ఒకసారి స్వర్ణలత పిలిచింది. "పైన కూసో అత్తమ్మా, నేను కింద కూసుంట."

"ఒద్దు బిడ్డా, నాకు కిందనే సుకం."

మళ్లీ పిలవలేదు. రాములమ్మ కూడా రెండోసారి పిలుపు కోసం ఎన్నాళ్లో చూడలేదు. టీవీని రేడియోలా వినడం నేర్చుకుంది. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకుంది. తెలంగాణ బిల్లు పెట్టే రోజు పిలిచినా పిలవకపోయినా సోఫాలో కూర్చుంటుంది. ఆ ఒక్కరోజు.

ఫిబ్రవరిలో ఆ మంగళవారం వచ్చింది. మధ్యాహ్నం అన్నం గిన్నెలు కడిగి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. సోఫాలో శివ, పక్కింటి ఉమామహేశ్వర్ ఉన్నారు. స్వర్ణలత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంది. రాములమ్మ కాసేపు నిలబడింది.

"కూసో అత్తా, నిలవడ్డవేంది? షురువైతది," అన్నాడు ఉమామహేశ్వర్, జరగకుండా.

ఆమె గడప పక్కన కూర్చుంది.

కొంతసేపు సభలో అరుపులు వినిపించాయి. ఉన్నట్టుండి అవీ ఆగిపోయాయి.

"అరే, నల్లగైంది! ఏం కనిపిస్తలేదు!" శివ లేచి నిలబడ్డాడు.

"వైరు సూడన్నా," అంది స్వర్ణలత ఉమామహేశ్వర్‌తో.

"వైరు గాదక్కా, లైవు సభల్నే బందు వెట్టిన్రంట. గింత పెద్ద దినం గిట్ల జేస్తరా!"

"నాకైతే దసరా కాడికెల్లి గిట్లనే ఉన్నది," అంది రాములమ్మ.

ఉమామహేశ్వర్ పగలబడి నవ్వాడు. "అత్తకు ఈ టైముల గూడ జోకులే!" శివ కూడా నవ్వాడు.

అంతలో శివ ఫోను మోగింది. "పాసైందంట! పాసైందంట!" ముగ్గురూ వీధిలోకి పరుగెత్తారు. చెప్పులు కూడా వేసుకోలేదు.

గది ఖాళీ అయింది. రాములమ్మ గడప పట్టుకుని లేచి, వెళ్లి సోఫాలో కూర్చుంది. సోఫా మెత్తగా కిందికి దిగింది. తెరమీద బొమ్మ తిరిగి వచ్చింది. అది పార్లమెంటు కాదు, ఉప్పల్ రింగురోడ్డు. జనం గులాల్ చల్లుకుంటున్నారు. ఎంత గులాబీ రంగు! జుట్టుమీద, చొక్కాల మీద, తారు రోడ్డు మీద. డివైడర్ పక్క ఆ మూల ఆమె గుర్తుపట్టింది. పోశయ్య పొయ్యి పెట్టిన చోటు. ఎవరో ముసలాయన అక్కడ నిలబడి ఏడుస్తున్నాడు. ఆయన చెంపమీది తడి కూడా కనిపిస్తోంది. ఇంత బాగా కనిపిస్తుందని ఆమె అనుకోలేదు. నాలుగు నెలలుగా వాళ్లు చూస్తున్నది ఇది.

గుమ్మంలో చప్పుడైంది. శివ ముఖం నిండా రంగుతో వచ్చాడు. వెనకాల ఉమామహేశ్వర్, ఇంకో ఇద్దరు.

"అమ్మా, జర జరుగు. అన్నోల్లు కూసుంటరు."

రాములమ్మ సోఫా చేయి పట్టుకుని కిందికి దిగింది. గడప పక్కన కూర్చుంది. శివ వంగి ఆమె నోట్లో లడ్డూ ముక్క పెట్టాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

"సూసినవా అమ్మా?"

తెరమీద నల్లటి మనుషులు నల్లటి పొడి చల్లుకుంటున్నారు.

"సూసిన," అంది.