మేత మోయని ప్రయాణం

ఆత్మకూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మొన్న సైన్స్ దినోత్సవానికి ప్రసంగం నా వంతు వచ్చింది. ఇంధనం లేకుండా, శూన్యంలోని శక్తితోనే అంతరిక్షంలో తిరగగలమా అన్నది నేనెంచుకున్న విషయం. నా పరిశోధన కూడా దాని మీదే. ప్రిన్సిపాల్ ఇదంతా యూట్యూబ్ సరుకని కొట్టిపారేశాడు. సౌరశక్తి గురించి చెప్పమన్నాడు, లేదంటే వేరే ఉద్యోగం చూసుకోమన్నాడు. పైగా స్టాఫ్ రూములో అందరి ముందూ, "గొర్లు కాసే ఇంట్లోంచి వచ్చి ఆకాశంలో తిరగాలంటే ఎట్టమ్మా" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే సంగం బస్సెక్కాను. మాది ఉదయగిరి పక్క. ఏటా కొండ కింద మేత అయిపోగానే మా నాయన మందను తోలుకుని సంగం కాలువ కింద కోతలైన మళ్ళకు దిగుతాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, అంతే. గొర్రెల కోసం ఒక్క గడ్డిమోపు కూడా మోయడు. అవి దారిపొడుగునా మేస్తూనే నడుస్తాయి. రాకెట్టు అట్లా కాదు. తన మేతంతా వీపున కట్టుకుని ఎగరాలి, దాని బరువులో ఎక్కువ భాగం ఆ మేతే. రాకెట్టు కూడా దారిలోనే మేస్తూ పోలేదా అన్న ఈ పిచ్చి నాకు చిన్నప్పుడు మంద వెనక నడుస్తున్నప్పుడే పట్టింది.

శూన్యమంటే ఒట్టి ఖాళీ కాదు. గాలి కూడా లేని చోట రెండు లోహపు రేకుల్ని, మధ్యలో వెంట్రుక కూడా దూరనంత దగ్గరగా పెడితే, వాటంతటవే ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ప్రయోగాల్లో కొలిచి చూసిన సంగతే ఇది. అయితే ఆ బలం బహు కొంచెం. దానితో బండి నడవదనే ఎక్కువమంది అంటారు. నడిచి తీరుతుందని నేనూ అనడం లేదు. తేల్చాలంటున్నాను, అంతే.

మంద దిగిన మళ్ళ దగ్గర నాయన అంతా విని, ఆ సౌరశక్తి గురించే చెప్పి రమ్మన్నాడు.

"జీతమొచ్చే పని పోగొట్టుకుంటావా పాపా? ఆడ ఏముండాదో నీకే తెలీదంటున్నావే."

"నువ్వు కొండ కిందనుంచి బయల్దేరేటప్పుడు, ఈడ మేత ఉండాదని ఎవురైనా చెప్పినారా నాయనా?"

వచ్చేసరికే మళ్ళు దున్నేసి ఉంటే, మందను వెనక్కి తిప్పుకుపోయిన ఏళ్ళు ఇద్దరికీ గుర్తే. ఆ మరుసటేడు కూడా ఆయన దిగాడు. చివరికి విసుక్కుంటూనే, నీ ఇష్టం అన్నాడు.

మర్నాడు వేదికెక్కి శూన్యం గురించే మాట్లాడాను. గొర్రెలతోనే మొదలుపెట్టాను. పిల్లలు నవ్వారు, కాసేపటికి నవ్వు మాని ప్రశ్నలు మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ మైకు ఆపించాడు. గొంతు పెంచి, మిగతాది కూడా చెప్పే దిగాను. సోమవారం నుంచి రావద్దని సాయంత్రానికల్లా ఫోనొచ్చింది.

ఇప్పుడు ఉదయగిరిలో ట్యూషన్లు చెబుతున్నాను. మిగిలిన పొద్దంతా ఆ లెక్కలతోనే గడుస్తోంది. వాటిలోంచి ఏమీ రాకపోవచ్చు. రాకపోతే, రాదని నేనే చెబుతాను. ఆ మాట చెప్పే హక్కు, ఒక్క లెక్కా చెయ్యకుండా నవ్వినవాళ్ళకు మాత్రం ఇవ్వను.