సంకెలకు స్టిక్కరు

2023లో సింగపూర్ బుకిట్ బటోక్‌లోని మా వర్క్‌షాపుకి ఒక ఎగ్జిబిషన్ పని వచ్చింది. మధ్యధరా సముద్రంలో కోటగోడల రేవు పట్టణం వలెట్టా చరిత్ర మీద, ఓ మాల్‌లో స్కూలు సెలవులకి పెట్టే ప్రదర్శన. వస్తువుల పక్కన ఉండే లేబుల్స్ రాయడం, పిల్లలు ముట్టుకుని ఆడే ఇంటరాక్టివ్స్ చేయించడం నా పని.

ఆ రేవు వైభవం వెనక గ్యాలీలున్నాయి. అంటే తెడ్లతో నడిచే యుద్ధనౌకలు. ఆ తెడ్లు వేసినవాళ్ళలో చాలామంది సముద్రం మీద పట్టుబడి బానిసలైనవాళ్ళు. వాళ్ళని బెంచీలకి గొలుసులతో కట్టేసేవారు. తిండీ నిద్రా అక్కడే. నాలుగు వాక్యాల్లో ఇదంతా రాసి పంపాను. క్లయింటు తరఫు మేనేజరు కిరణ్, మన విజయవాడ కుర్రాడే, ‘స్లేవ్స్’ కొట్టేసి ‘టీమ్ రోయర్స్’, అంటే జట్టుగా తెడ్లేసేవాళ్ళు, అని దిద్ది పంపాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోన్ చేస్తే నవ్వాడు. “అక్కా, ఫ్యామిలీలొస్తాయి. స్లేవ్స్ అంటే మూడ్ పోద్ది. పిల్లలు బెంచీ మీద కూర్చుని తెడ్డేస్తారు, ‘బెస్ట్ రోయర్’ అని స్టిక్కరిస్తాం. సింపుల్ లా!” అన్నాడు ఇక్కడి యాసలో.

“చచ్చేదాకా తెడ్డేసినోళ్ళ పేరు మీద స్టిక్కరా? బుద్ధుందా నీకు?”

“అబ్బా, ఒక్క మాటేగా మార్చింది!”

ఒక్క మాటేనట! మొత్తం ప్రదర్శనలో ఆ మనుషులు బానిసలని తేల్చి చెప్పేది ఆ ఒక్క మాటే. అదీ పోతే వాళ్ళు సరదాగా పడవ పందేలకొచ్చినవాళ్ళయిపోతారు.

వారం తర్వాత మాకప్ చూడ్డానికొచ్చాడు. మాకప్ అంటే అసలు కొలతలతో ముందుగా చేసే నమూనా; గ్యాలీ బెంచీ, తెడ్డు, తాళం పడే సంకెల. బెంచీ ఎక్కి, సెల్ఫీ కోసం సంకెలలో తనే కాలు పెట్టి, తాళం నొక్కేసుకున్నాడు. ఫొటోలు తీసుకున్నాక, “ఇంక విప్పండక్కా” అన్నాడు.

నేను తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని, నేను రాసిన లేబుల్ పైకి చదవడం మొదలుపెట్టాను.

“జోకులొద్దక్కా. బాత్రూంకెళ్ళాలి.”

“సముద్రం మీదున్నంత కాలం వాళ్ళకి బాత్రూం కూడా ఆ బెంచీయే నాయనా.”

“నేనేమన్నా ఖైదీనా? విప్పండి!” అని అరిచి కాలు లాగాడు. చీలమండ గీరుకుపోయి మొహం ఎర్రబడింది.

“టీమ్ రోయరువి కదా, తెడ్డెయ్యి. స్టిక్కరిస్తా.”

తాళం తీశాను. తిట్టుకుంటూ బాత్రూంకి పరిగెత్తాడు. తిరిగొచ్చాక నా మొహం చూడలేదు. కాలు రుద్దుకుంటూ లేబుల్ మీద సంతకం పెట్టాడు.

“మీ మాటే ఉంచండి. బెంచీ మీద మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టొద్దు. చుట్టూ తాడు కట్టెయ్యండి.”

అలాగే కట్టాం. ఆ తర్వాత వాళ్ళ కంపెనీ నన్ను మళ్ళీ పిలవలేదు. పీడా విరగడైంది.

చరిత్రని తియ్యగా చెయ్యమనేవాళ్ళతో నోరు పారేసుకోవడం దండగని ఆ రోజే నేర్చుకున్నాను. ఇప్పుడు వాదించను. మాకప్ తయారయ్యాక రండి, ఓసారి కూర్చుని చూద్దురుగాని అంటాను.