ఫోన్లో మూడో పేరు

"...ఎక్కేది తెలిస్తే చాలదు గిరీ, దిగేది గూడా తెలియల్ల. మూడో జాగాలో ఉండి ఇంగా దిగను దిగను అంటే, ఆయమ్మ ఓడేది కాకుండా ఇంగొకర్ని ఓడిస్తాది."

"ఆయమ్మ ఏందన్నా, ఆయమ్మ? పేరు లేదా? ఇరవై రెండేండ్లు జెండా మోసినప్పుడు కమలాక్షీ, కమలాక్షీ అని నోరారా పిలిస్తిరి గదా!"

"మోసింది కాబట్టే మర్యాదగా ఇంటికొచ్చి చెప్తాండా. లేకుంటే ఫోన్లోనే చెప్పింటా."

"ఫోను మాట ఎత్తొద్దు. ఆ ఫోనే మా కొంప ముంచింది."

మాటలు వంటింట్లోకి స్పష్టంగా వినిపిస్తున్నాయి. కమలాక్షి టిఫినుకు ఉగ్గాని చేద్దామని నానబెట్టిన బొరుగులను పిండుతూ, పిండినవే మళ్లీ పిండుతోంది. వసారాలో కూర్చున్నది వార్డులో పార్టీ అధ్యక్షుడు పెద్దప్ప. ఆయన మీద గొంతు పెంచుతున్నది ఆమె భర్త గిరి. పెళ్లయిన ముప్పై ఏళ్లలో గిరి తన తరఫున ఒకరితో తగువు పడడం ఆమె ఎప్పుడో గానీ చూడలేదు. సంతోషించాలని ఉంది, కానీ చేతకావడం లేదు.

ధర్మవరం మునిసిపాలిటీలో ఆ వార్డు ఈసారి ఆడవాళ్లకు వచ్చింది. పార్టీ టికెట్టు ముగ్గురు అడిగారు. ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీ వార్డులో జనానికి ఫోన్లు చేయిస్తుంది. రికార్డు చేసిన గొంతు పేర్లు చదువుతుంది. ఉమాదేవి కావాలంటే ఒకటి నొక్కాలి, హేమావతికి రెండు, కమలాక్షికి మూడు. రెండు వారాల కిందట ఒక విడత అయింది. ఉమాదేవి ముందుంది, హేమావతి ఆమె వెనకే ఉంది, కమలాక్షి చాలా దూరంలో ఉంది. ఆఖరి విడత రేపు.

ఉమాదేవి వార్డులో తిరిగిన మనిషి కాదు. ఆమె భర్త ఉదయ్ కుమార్ నేతగాళ్లకు పట్టు, జరీ ఇచ్చి చీరలు నేయించుకుని అమ్ముకునే యజమాని. ఆమె గెలిస్తే వార్డు నడిపేది ఆయనేనని అందరికీ తెలుసు. హేమావతి ప్రైవేటు బడిలో టీచరు. నీళ్ల పైపు కోసం ఆరు నెలలు ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చింది. కమలాక్షి తప్పుకుని, తన వాళ్లను హేమావతికి నొక్కమంటే టికెట్టు హేమావతిది. లేకుంటే ఉమాదేవిది. పెద్దప్ప పొద్దున్నే వచ్చింది ఈ మాట చెప్పడానికే.

కమలాక్షికి ఆ లెక్క తెలియక కాదు. ముదిగుబ్బ దగ్గర పల్లెలో గొర్రెలు కాసిన ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట ఈ వీధికి కాపురానికి వచ్చింది. మగ్గం ఇక్కడే నేర్చుకుంది. పార్టీలోకి కూడా ఇక్కడి నుంచే వెళ్లింది. ఓటరు స్లిప్పులు పంచింది, పింఛను కాగితాలు పట్టుకుని ముసలివాళ్లతో ఆఫీసులకు తిరిగింది, పెనుకొండ మీటింగుకు లారీలో నలభై మందిని తీసుకెళ్లి నలభై మందినీ తిరిగి తెచ్చింది. పోయిన ఎన్నికలప్పుడు మొదటిసారి టికెట్టు అడిగింది. "ఈసారికి సర్దుకో కమలక్కా" అన్న ఒక్క మాటకు ఆ సాయంత్రమే తప్పుకుంది. ఇంకో రెండు రోజులు గట్టిగా నిలబడి ఉంటే ఆమెకే ఇచ్చేవారని తర్వాత తెలిసింది. ఐదేళ్లుగా అది లోపల ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈసారి ఎవరు చెప్పినా దిగకూడదనుకుంది.

ఆమె గిన్నె పక్కన పెట్టి వసారాలోకి వచ్చింది. "సాయంత్రం చెప్తానన్నా."

"సాయంత్రం కుదరదు. పన్నెండుకంతా పేర్లు హిందూపురంలో ఉండే పరిశీలకుడికి పోతాయి. ఆ తర్వాత ఎవురి పేరూ తీయరు."

"నా వాళ్లను ఒకసారి అడిగొస్తా."

"అడుగు. నిజం చెప్తే విను," అన్నాడు పెద్దప్ప లేస్తూ.

ఆమె ఇల్లిల్లూ తిరిగింది. అందరూ నీకేనన్నారు. మంచినీళ్లిచ్చారు, కూర్చోమన్నారు. ఇంత మంది తనకే నొక్కితే మూడో స్థానం ఎలా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు. లెక్కలో ఏదో మోసం ఉందన్న అనుమానం ఇంటింటికీ బలపడింది. సిద్ధమ్మ ఇంటికి చేరేటప్పటికి పదకొండు దాటింది.

సిద్ధమ్మకు డెబ్బై ఏళ్లుంటాయి. రాట్నం తిప్పుతూ పట్టుదారాన్ని కండెలకు చుడుతోంది. కొడుకూ కోడలూ మగ్గాల మీద ఉన్నారు. పనిలో ఉన్నవాళ్లు ఫోనెత్తరు గనక ఇంట్లోని మూడు ఫోన్లూ ఆమె ఒడిలోనే ఉంటాయి.

"అవ్వా, పోయినసారి పార్టీ ఫోనొచ్చిందా?"

"వచ్చె."

"ఏం నొక్కితివి?"

"ఒకటి."

"ఎగతాళి చేయద్దవ్వా."

"ఎగతాళి ఏంటికి చేస్తానమ్మే? మూడు మిందనే వేలు పెట్టింటి. అంతలో నీ మాట గ్యాపకమొచ్చె. ఎవురేం నొక్కింది పేరుతో సహా పార్టీలో తెలిసిపోతాదని పొదుపు గ్రూపు మీటింగులో నువ్వే చెప్తివి గదా. పార్టీకి తెలిస్తే ఉదయ్ కుమార్‌కు తెలీకుండా ఉంటాదా? మా మగ్గాల మిందుండే పట్టు ఆయప్పదే. రేపు పట్టు లేదు పొమ్మంటే, నువ్విస్తావా?"

ఆ మాట కమలాక్షి చెప్పిందే. నొక్కుతామని మాటిచ్చి పక్కకు జారేవాళ్లను కట్టిపడేయడానికి, ఎవరో అంటే విన్నదాన్ని, నిజమో కాదో తెలుసుకోకుండా చెప్పింది. రెండు రోజుల తర్వాత పెద్దప్పను అడిగితే ఆయన నవ్వాడు. అదంతా మిషను లెక్క, ఎవరికీ తెలియదన్నాడు. అప్పటికైనా వెళ్లి దిద్దుకోవాల్సింది. భయం తనకు పనికొస్తుందనుకుని ఊరుకుంది.

"అది నిజం కాదవ్వా. ఎవురేం నొక్కింది ఎవురికీ తెలీదు."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

రాట్నం తిరుగుతూనే ఉంది. మగ్గం మీద నుంచి కోడలు కిసుక్కున నవ్వింది.

"ఈ వరసంతా అంతే," అంది సిద్ధమ్మ. "హేమావతికి నొక్కల్లనుకున్నోళ్లు గూడా ఒకటే నొక్కిరి. ఏమీ అనుకోవద్దమ్మే. నువ్వు మంచిదానివే."

కమలాక్షి బయటికి వచ్చి ఎండలో చాలాసేపు నిలబడింది. ఇప్పుడు దిగిపోయినా తన మాట మీద రెండు నొక్కేవాళ్లెవరు? దిగకపోతే, ఉదయ్ కుమార్ పట్టుతో పనిలేని ఆ కొన్ని ఇళ్లవాళ్లు, తన కోసం నిజంగానే మూడు నొక్కినవాళ్లు, రేపు కూడా నొక్కుతారు. అదీ వృథానే. తొలి విడత లెక్క తెలిసిన రోజునే దిగి ఉంటే, ఆ నాడే ఈ మాట సిద్ధమ్మను అడిగి ఉంటే, పదిహేను రోజుల వ్యవధి ఉండేది. ఆ పదిహేను రోజులూ మోసం ఎవరు చేశారా అని వెతుకుతూ గడిపింది.

ఫోను తీసి పెద్దప్పకు చేసింది.

"పన్నెండున్నర అయిందమ్మా," అన్నాడాయన. "మూడు పేర్లూ పోయినాయి. నువ్వు దిగినా రేపు ఫోన్లో నీ పేరు చదువుతారు."

"తీయరా?"

"తీయరు. నీ నోటితో నువ్వే చెప్పుకోవల్ల. వింటే వింటారు."

ఇంటికి వచ్చి గిరికి జరిగింది చెప్పింది. అతను, "ఈ సంగతి ఎవురికీ తెలీదు గదా. గమ్మునుంటే గౌరవంగా ఓడతావు," అన్నాడు.

"సిద్ధవ్వకు తెలుసు."

"ఆ ముసిల్ది చెప్పదులే. నువ్వు పోయి అబద్ధమాడినానంటే, రేపట్నుంచి ఈ వీధిలో నీ మాట ఎవురింటారు? పింఛను కాగితం గూడా నీ చేతికియ్యరు."

అది నిజమని ఆమెకూ తెలుసు. ఇరవై రెండేళ్లుగా కూడబెట్టుకున్నది ఆ మాట ఒక్కటే.

సాయంత్రం మగ్గాలు ఆగాయి. ఆడవాళ్లు బిందెలతో కుళాయి దగ్గరికి వచ్చారు. సిద్ధమ్మ కోడలు ఉంది, పక్కింటి అంజినమ్మ ఉంది, ఇంకో ఇరవై మంది దాకా ఉన్నారు.

"ఏం కమలక్కా, మళ్లా మీటింగా?" అంది అంజినమ్మ. "ఈసారి మా ఇండ్లల్లో కెమెరాలు గూడా పెట్టినారా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా కమలాక్షి ఆగింది.

"రేపు ఫోన్లో నా పేరు చదువుతారు. మూడు నొక్కొద్దండి, నేను తప్పుకున్నా. ఎవురేం నొక్కింది తెలిసిపోతాదని చెప్తి గదా, అది అబద్ధం. మిమ్మల్ని భయపెట్టల్లనే చెప్తి. నేనైతే హేమావతికి నొక్కుతాండా."