ఆరువేళ్ళ ఈరన్న కూతురు

పందొమ్మిది వందల ముప్పై అయిదు ప్రాంతంలో కర్నూలులో కొందరు పెద్దలు కలిసి ఒక చరిత్ర సంఘం పెట్టుకున్నారు. ప్లీడరు చెన్నకేశవులు దానికి అధ్యక్షుడు. నెలకొకసారి ఆయన ఇంట్లో చేరి పాత బురుజుల గురించీ, రాళ్ళ మీది శాసనాల గురించీ మాట్లాడుకునేవారు. నందికొట్కూరు మిషను బడిలో పంతులుగా ఉన్న ఏసేపు చేతిరాత బాగుంటుందని విని, శాసనాలకు నకళ్ళు రాయడానికి ప్లీడరే పిలిపించాడు. కొద్దిరోజుల్లోనే ఏసేపుకు ఆ పని రుచి తగిలింది. అరిగిపోయిన అక్షరం ఒకటి పోల్చుకోగలిగితే రోజంతా హుషారుగా ఉండేవాడు.

ఒకసారి సభ్యులంతా తమ వంశచరిత్రలు చెప్పాలని అనుకున్నారు. ఒకాయన ఏడుతరాల పేర్లు గడగడా చెప్పాడు. ఇంకొకాయన నవాబుల కాలంలో తమ ఇంటిపేరు ఎలా వచ్చిందో చెప్పాడు. ఏసేపు వంతు వచ్చింది.

"మా అమ్మ తరపు సంగతులు నాకేమీ తెలీదండీ. అరవై ఏళ్ళనాటి ధాత కరువులో దిక్కులేక మిషనుకు చేరిన పిల్ల ఆమె."

"దాంట్లో చరిత్ర ఏముంటాది లేప్పా," అన్నాడు ఏడుతరాలాయన.

చెన్నకేశవులు ఒప్పుకోలేదు. "అదే కనుక్కోని రా ఏసేపూ. కోటల గురించి చెప్పేదానికి మేముండాం గదా."

ఏసేపు తల్లి విశ్వాసమ్మకు అరవై దాటాయి. ఆ పేరు మిషను దొరసాని పెట్టింది. అంతకుముందు తనను సుంకి అని పిలిచేవారని గుర్తుంది గానీ, ఊరి పేరు గుర్తులేదు. నాయన ఎడమచేతికి ఆరువేళ్ళుండేవి. నడిచేటప్పుడు ఆ చిట్టివేలు పట్టుకునేది. గంజి పోసేచోట జనం మధ్య కూర్చోబెట్టి, "ఈడే ఉండు పాపా, ఇప్పుడే వస్తా" అని పోయినవాడు మళ్ళీ రాలేదు. పొద్దుగూకే వేళకు మిషను బండి వచ్చి, దిక్కులేని పిల్లలతో పాటు ఆమెనూ కడపకు తీసుకుపోయింది. అక్కడే పెరిగి, పెళ్ళయ్యాక నందికొట్కూరు చేరింది.

ఆ సంగతి ఎత్తితే ఆమె మొహం మాడిపోయేది. "బిడ్డ బరువని ఇడిసిపెట్టి పోయినోని ఊరు నీకెందుకు నాయనా?" అనేది.

అయినా ఏసేపు ఊరుకోలేదు. బడి సెలవులిచ్చినప్పుడల్లా కర్నూలు-కడప కాలువ వెంబడి పల్లెలు తిరిగాడు. కరువు చూసిన ముసలివాళ్ళ పక్కన కూర్చునేవాడు. చీమల పుట్టలు తవ్వి, అవి దాచుకున్న గింజలు ఏరుకు తిన్నామని ఒక తాత చెప్పాడు. ఒక అవ్వ తన చెల్లెలి గురించి మొదలుపెట్టి, సగంలోనే లేచి లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆరువేళ్ళ మనిషిని మాత్రం ఎవరూ ఎరగమన్నారు. రెండేళ్ళు అలాగే గడిచాయి.

చివరికి తంగెడుపల్లెలో, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న గిడ్డమ్మ అనే ముసలామె తలెత్తింది.

"ఆరువేళ్ళ ఈరన్నా? మా ఇంటెనకాలోడే గదప్పా. నువ్వెవురు?"

"ఆయన కూతురి కొడుకును అనుకుంటాండా అవ్వా. మా అమ్మ పేరు సుంకి."

గిడ్డమ్మ చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. "సుంకి బతికుండాదా?"

అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని చెప్పింది. "బిడ్డ దప్పి దప్పి అని ఏడుస్తాంటే నీళ్ళకోసరం వాగులోకి పోయినాడంట. నీళ్ళు ఊరతాయని ఇసుకలో చెలమ తవ్వుతా సొమ్మసిల్లి పన్యాడు. ఎవురో గంజి పోస్తే తెల్లారినాక లేసినాడు. అప్పటికి బిడ్డ యాడుండాది? కడపకు తోలినారంటే కడపకు నడిచిపాయ. మిషను గేటు కాడ అడిగితే, సుంకి అనే పిల్ల ఈడ లేదన్యారంట. బళ్ళారికి గూడా పోయొచ్చె. కరువు పోయినాక గూడా పంట ఇంటికి చేరంగానే ఎతకను పోతాండె. సంతలో ఆడబిడ్డ కనపడితే చాలు, సుంకీ అని పిలుస్తాండె. పిచ్చోడని మేమంతా నవ్వుతాంటిమి నాయనా."

ఈరన్న ముసలివాడై చచ్చిపోయాడు. అప్పటికి ఏసేపు బడికి పోయే పిల్లవాడు. తంగెడుపల్లె నుంచి నందికొట్కూరుకు ఒకపూట నడక.

ఇంటికి వచ్చి ఇదంతా తల్లికి చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

"కడపకు వచ్చినాడా?" అని ఆమె అడిగిందే అడిగింది. "నేను ఆ గేటు లోపలే ఉంటి గదా. ఇన్నేండ్లూ ఆయప్పను తిట్టుకుంటా బతికితినే నాయనా." ఆ వారం ఆమె సరిగా అన్నం ముట్టలేదు.

ఎండలు తగ్గాక బండి కట్టించి ఆమెను తంగెడుపల్లెకు తీసుకుపోయాడు. ఈరన్నకు ఊళ్ళో మిగిలిన కొడుకు, అంటే ఆమె అన్న, ఏనాడో పోయాడు. అన్న కొడుకు నాగన్న అరుగు మీద చాప పరిచి, "కూసో అత్తా" అన్నాడు. అతని భార్య గడపకు అడ్డంగా నిలబడింది. నాగన్న తల వంచుకున్నాడు. "మీరు కిరస్తానంలో కలిసినోళ్ళు. లోపలికి పిలిస్తే ఊరు ఒప్పుకోదు అత్తా."

"మీ ఇల్లు నాకేంటికప్పా? మా నాయనను యాడ పూడ్చినారో చూపిచ్చు చాలు."

వాగు గట్టుకు తీసుకుపోయాడు. వరదలకు గట్టు ఎప్పుడో కోసుకుపోయింది. ఆనవాలుగా పెట్టిన బండ కూడా లేదు. "ఈడ్నే, ఈ సుట్టుపక్కల," అని నాగన్న ఇసుక వైపు చెయ్యి చూపించాడు.

విశ్వాసమ్మ ఇసుకలో చతికిలబడి, రెండు అరచేతులూ నేలకు ఆనించింది.

"నాయనా, నేను సుంకిని," అంది.

తల్లి తనను తాను ఆ పేరుతో చెప్పుకోవడం ఏసేపు వినడం అదే మొదలు. నాగన్న అవతలికి తిరిగి పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత సంఘంలో ఏసేపు ఈ కథంతా చెప్పాడు. ఏడుతరాలాయన ఆ ఊరి పేరు అడిగి రాసుకున్నాడు. పత్రికలో వేయిద్దామని చెన్నకేశవులు అడిగితే, "మా అమ్మ ఉన్నన్నాళ్ళూ వద్దండీ" అన్నాడు.

మరుసటి చలికాలంలో విశ్వాసమ్మ కన్నుమూసింది. కబురు అందగానే నాగన్న వచ్చాడు. పాదిరి ప్రార్థన చదువుతున్నంతసేపూ సమాధులతోట గోడ బయటే నిలబడ్డాడు. అందరూ వెళ్ళిపోయాక లోపలికి వచ్చి పిడికెడు మన్ను వేశాడు.

"ఇంటికి రాప్పా, రెండు మెతుకులు తిని పోదువు," అన్నాడు ఏసేపు.

నాగన్న తల అడ్డంగా ఊపాడు. ఏసేపు మళ్ళీ అడగలేదు. కాలువ వంతెన దాకా అతని పక్కనే నడిచాడు.