ఆగిన ఇంజన్‌కి బొట్టు

మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన ఏడాది, కలకత్తాలో ఉద్యోగం మానేసి, ఇంటికి వెళ్ళాలో ఇంకెక్కడికైనా పోవాలో తేల్చుకోలేక ఖరగ్‌పూర్‌లో దిగిపోయాను. ఆరోజు విశ్వకర్మ పూజ. ఏడాదికి ఆ ఒక్కరోజే రైల్వే వర్క్‌షాపులోకి కార్మికుల ఇళ్ళవాళ్ళను రానిస్తారు. జనంతో పాటు నేనూ లోపలికి నడిచాను.

సుత్తులూ లేతు మెషీన్లూ పూలు పెట్టించుకుని ఊరికే ఉన్నాయి. సాంబ్రాణి పొగలోకి పైకప్పు అద్దాల నుంచి ఎండ జారుతోంది. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది నాకు. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఒక తెలుగు ముసలమ్మ, కొత్త డీజిల్ ఇంజన్‌ని దాటి వెళ్ళి, తుక్కు కింద లెక్కగట్టి పక్కన పెట్టేసిన బొగ్గు ఇంజన్‌కి ముందుగా బొట్టు పెట్టింది.

"అది ఇంక కదలదు కదా పెద్దమ్మా," అన్నాను.

"దీని సక్రాలు మా ఆయన బిగించినాడు బాబూ. ఇప్పుడు నడవలేడు. నన్ను పంపినాడు."

ఎందుకో ఆమెనే అడగాలనిపించింది. "మనుషులు చంద్రుడి దాకా వెళ్ళారు. అసలు మనమంతా ఎక్కడికి పోతున్నామంటావు?"

"ఏటో బాబూ. ఇదెక్కడికెల్తాదో ఆయనెప్పుడూ అడగలేదు. ఎల్లేలాగ సేసి పంపినాడు, అంతే."

తర్వాత డీజిల్ ఇంజన్‌కీ బొట్టు పెట్టింది. వేలికి ఇంకా కుంకుమ మిగిలి ఉంది. నా వైపు తిరిగి, నా నుదుట అద్దేసింది.

"నువ్వూ ఎల్లాల్సినోడివే గదా," అంది.

ఎక్కడికని ఆమె అడగలేదు.